పసుపు చీటీ కట్టిన పూలు

ప్రయోగశాలలో లెక్క తప్పితే అందరూ మొదట చూసేది గాజు గొట్టాలు కడిగినవాడి చేతుల వైపే. ముప్పై ఏళ్లకు పైగా ఆ చూపులు భరించినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. ఇప్పుడు ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు ఈ మాట గుర్తుపెట్టుకుంటే మంచిది. పెద్దవాళ్ల ఆలోచనే తప్పు కావచ్చు, యంత్రం ముసలిదై ఉండొచ్చు, కరెంటు నాలుగుసార్లు పోయి ఉండొచ్చు. అయినా సరే, "గొట్టాలు సరిగ్గా కడిగినావా?" అన్న ప్రశ్న మనల్ని అడక్కుండా ఎవరూ ముందుకు పోరు. నేను కడిగాను. ఎప్పుడూ సరిగ్గానే కడిగాను. నా తప్పు వేరే చోట జరిగింది. అది ఎక్కడ జరిగిందో కనిపెట్టేసరికి ఒక ఆడపిల్ల మూడేళ్ల చదువు గండం అంచుకు వచ్చి నిలబడింది.

నేను కర్నూలు జిల్లాలో ఒక వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేశాను. రిటైరయ్యాక కడపలో ఉంటున్నాను. మిద్దె మీద రెండు కుండీల్లో కాకర తీగ పెట్టుకున్నాను. పొద్దున్నే ఆడపువ్వు కనబడితే మగపువ్వు తెంచి దాని కొన మీద అద్దుతాను. పక్క మిద్దె ఆవిడ చూసి నవ్వుతుంది. నవ్వనీ. నాకు ఆ పని విలువ తెలిసింది ఉద్యోగం చివరి రెండేళ్లలోనే.

నేను చెప్పిన ఆ అమ్మాయిది కమలాపురం దగ్గర ఒక పల్లె. మా కేంద్రంలో పెద్దసారు దగ్గర పరిశోధన చేయడానికి వచ్చింది. పత్తి పువ్వు మీద పని. మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి తన పని ఏమిటో చెప్పింది. అంతకు ముందు వచ్చిన విద్యార్థులెవరూ నాకు అలా చెప్పలేదు. "ఇది నూరు, అది తిప్పు, ఇన్నింటికి రీడింగ్ తీయి" అనేవాళ్లు, అంతే.

ఆమె అడిగే ప్రశ్న చాలా చిన్నది. పువ్వు అడుగున అండాశయం ఉంటుంది. రేపటి కాయ అదే. పువ్వు కొనకు పుప్పొడి తగిలితే అది కాయ అవుతుంది, తగలకపోతే నాలుగు రోజుల్లో రాలిపోతుంది. ఈ సంగతి పత్తి పండించే ప్రతివాడికీ తెలుసు. కానీ పుప్పొడి తగిలిన తర్వాత అండాశయం లోపల ప్రోటీన్ తయారీ ఎప్పుడు మొదలవుతుంది? ఒక రోజుకా, రెండు రోజులకా? ఎంత వేగంగా?

"పుప్పొడి తగిలింది పైన సార్. మార్పు వచ్చేది కింద. ఆ కబురు కిందికి ఎప్పుడు చేరతాదో చూడాల" అంది.

దీనికి రెండు రకాల పూలు కావాలి. పుప్పొడి పెట్టినవి కొన్ని, పెట్టకుండా వదిలేసినవి కొన్ని. రెండింటి అండాశయాలనూ ఒక్కో రోజు కోసి, మంచు మీద పెట్టి తెచ్చి, నూరి, వడగట్టి, ఒక మందు కలుపుతాం. ఆ మందు గోధుమరంగులో ఉంటుంది. ప్రోటీన్ ఉంటే నీలంగా మారుతుంది. ఎంత ఎక్కువ ఉంటే అంత చిక్కటి నీలం, ఆ చిక్కదనం ఎంతో ఒక యంత్రం అంకెల్లో చెబుతుంది. మిగతాదంతా నూరేవాడి ఓపిక.

పొలంలో పని చేయడానికి క్రాసింగ్, అంటే చేత్తో పుప్పొడి పెట్టే పని, తెలిసిన ఆడవాళ్లు కావాలి. పడమటి కర్నూలు పల్లెల్లో అలాంటి వాళ్లకు కరువు లేదు. విత్తనం కోసం వేసే సీడు పత్తి చేలల్లో ఏళ్ల తరబడి అదే పని చేసినవాళ్లు. సాయంత్రం రేపు విచ్చుకోబోయే మొగ్గను వేలిగోటితో ఒలిచి, మగ భాగం మొత్తం తీసేసి, ఎర్ర కాగితం సంచి తొడుగుతారు. పొద్దున సంచి తీసి, వేరే చెట్టు మగపువ్వు తెచ్చి కొన మీద రుద్ది, గుర్తుకు తెల్లదారం కట్టి, మళ్లీ సంచి తొడుగుతారు. చెప్పడానికి ఇంతే. నేను ఒకసారి ప్రయత్నించి పది మొగ్గల్లో ఏడు విరిచాను. వాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఆ గుంపుకు పెద్ద ఒకామె. అరవైకి దగ్గర. చెయ్యి ఎంత చురుకో నోరు అంత చురుకు. నేను అక్కా అనేవాణ్ణి, ఆమె నన్ను అప్పా అనేది. ఆమె అంటే నాకు కొంచెం భయం కూడా. గుంపులో అందరికంటే కొత్త ఒక చిన్న కోడలు. పెళ్లయి ఆరు నెలలు కాలేదు, ఆ పనికి వచ్చి పది రోజులు కాలేదు. మాట పెగలదు, చెయ్యి నిదానం.

ఇక్కడే నా తెలివి వినండి. పుప్పొడి పెట్టకుండా వదిలేయాల్సిన పూల వరుసలు రెండు ఉన్నాయి. వాటిని ఆ చిన్న కోడలికి అప్పగించాను. వదిలేయడానికి పనితనం ఎందుకు, కొత్త పిల్ల చాలు అనుకున్నాను. "సాయంత్రం మొగ్గలు ఒలిచి సంచి తొడుగు. పొద్దున ఈ రెండు వరుసలూ ముట్టుకోవద్దు" అని ఆ చిన్న కోడలికి మాత్రమే చెప్పాను. తల ఊపింది. ఎందుకు ముట్టుకోకూడదో నేను చెప్పలేదు, ఆ పిల్ల అడగలేదు. గుంపు పెద్దకు చెప్పాలన్న ఆలోచన నాకు రానేలేదు. ఆమెకు చెబితే నలభై ప్రశ్నలు వేస్తుందన్న బద్ధకం కూడా ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ పూలకు గుర్తుగా చీటీలు కట్టాలి. ఆఫీసులో అడిగితే ఇండెంట్ పెట్టు, వచ్చే నెల చూద్దాం అన్నారు. నాకు తెలిసిన ఒక శెట్టిగారికి ఊళ్లో విత్తనాల అంగడి ఉంది. ఆయన దగ్గర పసుపుపచ్చ అట్ట చీటీల కట్ట ఒకటి దుమ్ము పట్టి ఉంది, దారాలతో సహా. "ఏదో కంపెనీవాళ్లు వదిలిపెట్టి పోయినారప్పా, తీసుకపో" అన్నాడు. ఊరికే వస్తే ఫినాయిలు కూడా తాగే రకాన్ని నేను. సంచిలో వేసుకుని ఆనందంగా వచ్చాను. మా పరిశోధన అమ్మాయి కూడా సంతోషించింది. రోజూ సాయంత్రం ఇద్దరం కూర్చుని తేదీలు రాసి, వదిలేయాల్సిన పూలకు ఒక్కొక్కటే కట్టేవాళ్లం.

మొదటి నెల రీడింగులు తీశాం. పుప్పొడి పెట్టిన పూలలో రెండో రోజు నుంచి ప్రోటీన్ చక్కగా పెరుగుతోంది. పెట్టని పూలలోనూ చక్కగా పెరుగుతోంది! కాగితం మీద రెండు గీతలు గీస్తే ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి.

పెద్దసారు కళ్లజోడు తీసి తుడుచుకుని నా వైపు చూశారు.

"గొట్టాలు సరిగ్గా కడిగావా?"

"కడిగినాను సార్."

"నమూనాలు తారుమారు కాలేదు కదా?"

"కాలేదు సార్."

అంత గట్టిగా అన్నానే గాని, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆ మధ్యాహ్నం ల్యాబులో ఉన్న ప్రతి గొట్టాన్నీ మళ్లీ కడిగాను. మందు కొత్తగా కలిపాను. యంత్రాన్ని ఒక తెలిసిన నమూనాతో సరిచూశాను. రెండో విడత పూలు తెచ్చి నూరాం. మళ్లీ అదే. రెండు గీతలూ చెట్టాపట్టాలు వేసుకుని నడుస్తున్నాయి.

ఈసారి పెద్దసారు కోప్పడలేదు. దానికే నాకు భయమేసింది. ఆయన చెడ్డవాడు కాదు, లెక్క కుదరకపోతే నిద్రపట్టని మనిషి. ఆ అమ్మాయిని పిలిచి మెల్లగా చెప్పారు. పూత ఇంకో రెండు వారాలే ఉంది. ఆఖరి విడతలో కూడా ఇలాగే వస్తే ఈ అంశం వదిలేసి కొత్తది మొదలుపెట్టాలి. కొత్తదంటే ఇంకో రెండేళ్లు.

ఆమెకు రెండేళ్లు లేవు. ఆ సంగతి ఆయనకు తెలియదు, నాకు తెలుసు. చదువుకు వచ్చే ఉపకారవేతనం ఆ ఏడాదితో ఆగిపోతుంది. ఇంట్లో వాళ్ల నాయన ఇదే ఆఖరు అన్నాడట. ఈ ఏడు పట్టా చేతికి రాకపోతే వచ్చి ఇంటి పట్టున ఉండాల్సిందే. ఆ సాయంత్రం ల్యాబులో సింకు దగ్గర నిలబడి గొట్టాలు తుడుస్తూ నాతో చెప్పింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది.

అప్పుడు నేను ఒక మాట అన్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో సిగ్గుపడే మాట ఏదంటే అదే.

"పాపా, పెట్టని పూల లెక్కలు కొంచెం తగ్గించి రాస్తే ఎవరికి తెలుస్తుంది? ఎట్లాగూ అవి తగ్గాల్సిందే కదా. నిజం అదే కదా. నాలుగు అంకెలు సర్దితే నీ బతుకు నిలబడుతుంది."

ఆమె చేతిలో ఉన్న గొట్టాన్ని తుడిచిందే తుడుస్తూ ఉండిపోయింది. తర్వాత దాన్ని స్టాండులో బోర్లించింది.

"అట్ల రాస్తే అది పువ్వు చెప్పింది కాదు సార్. మనం చెప్పించింది అయితాది" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. నా కూతురికంటే చిన్నపిల్ల. మర్నాడు వచ్చి ఎప్పటిలాగే "టీ తాగినారా సార్" అని అడిగింది. ఆ మంచితనానికి నేను ఇంకా కుంగిపోయాను.

ఆ ఆదివారం ఇంట్లో ఉండలేక పొలానికి పోయాను. పని ఏమీ లేదు. పాత వరుసల్లో పడి ఉన్న కాగితం సంచులు ఏరి పారేద్దామని. మొదటి విడతలో మేము కొయ్యడం మరిచిపోయిన పువ్వు ఒకటి ఆకు చాటున కనబడింది. పసుపు చీటీ ఉంది. చీటీ మీద నా చేతిరాత ఉంది. ఎండకు వెలిసిన ఎర్ర సంచి ఉబ్బి ఉంది. సంచి విప్పాను. లోపల గచ్చకాయంత కాయ, గట్టిగా, పచ్చగా, నిగనిగలాడుతూ.

పుప్పొడి తగలని పువ్వు కాయ కాదు. చిన్నపిల్లవాడికి తెలిసిన సంగతి. సంచి ఎక్కడా చిరగలేదు. తేనెటీగ దూరే దారి లేదు. అంటే ఎవరో సంచి తీసి, పుప్పొడి పెట్టి, మళ్లీ సంచి తొడిగారు.

అక్కడే గట్టు మీద కూర్చుని ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. హాస్టలు నుంచి ఆటోలో వచ్చింది. కాయను చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అయితే మన గొట్టాలు తప్పు కాదు సార్."

"కాదు పాపా."

"యంత్రం కూడా నిజమే చెప్పింది."

"నిజమే చెప్పింది."

ఆమె నవ్వింది. మూడు వారాల్లో మొదటిసారి. నాకు మాత్రం నవ్వు రాలేదు. చేసినవాళ్లెవరో తేల్చాలని ఒళ్లు మండుతోంది.

సోమవారం పొద్దున ఆడవాళ్లు ముఖాలు కడుక్కుని మగపూలు కోసే పనిలో ఉన్నారు. నేను నేరుగా చిన్న కోడలి దగ్గరికి పోయాను. ఆ రెండు వరుసలూ అప్పగించింది ఆమెకే కదా. ముట్టుకోవద్దని చెబితే ఎందుకు ముట్టుకున్నావని అరిచాను. ఆ పిల్ల బిత్తరపోయింది. "నేను ముట్టల్యా సార్, దేవునితోడు ముట్టల్యా" అంటూ చేతిలో ఉన్న పూలు కింద పోసుకుని ఏడుపందుకుంది. అబద్ధం ఆడుతోందనుకుని ఇంకో మాట అనబోయాను.

"ఆ పాపనేమనద్దప్పా."

గుంపు పెద్ద సాలు దాటి వచ్చి మా మధ్య నిలబడింది. కొంగు నడుముకు చెక్కింది.

"దానికేం తెల్దు. చేసింది నేను."

"ఏం చేసినావక్కా?"

"పువ్వు పెట్టినా. చీటీ ఉన్నోటికన్నిటికీ పెట్టినా. ఒగటి గూడ ఇడిసిపెట్టల్యా."

"ఎందుకు పెట్టినావు?"

"ఎందుకంటావా? నువ్వు చీటీలు కడితివి గాబట్టి పెడితిని!"

నాకు అర్థం కాలేదు. ఆమె నా ముఖం చూసి, అర్థం కాలేదని గ్రహించి, గొంతు కొంచెం తగ్గించింది.

"సీడు చేలల్లో ఏం జరుగుతాదో నీకు తెల్దా? మొగ్గ ఒలిచి పొద్దున పువ్వు పెట్టడం మరిస్తే సూపర్వైజరు వచ్చి దానికి పసుపు చీటీ కడ్తాడు. అచ్చం ఇవే. ఇదే అట్ట, ఇదే దారము. పనయినాంక చీటీలు ఎంచుతాడు. ఎవురి సాల్లో శానా ఉంటే వాళ్లను రేపటి నుంచి రావద్దంటాడు. నేను కాపరానికొచ్చిన ఏడు నన్నట్లే పంపించినారు. అందరి ముందర. ఇంటికి పోతే మా అత్త తలుపు కాడే నిలబెట్టె." ఆమె చిన్న కోడలి వైపు చెయ్యి చూపింది. "ఈ పిల్ల కొత్తది, చెయ్యి నిదానము. చూస్తే దీని సాల్లన్నీ పసుపు చీటీలే. ఓరి దేవుడా, ఈయప్ప మంచోడనుకుంటాంటే ఈయప్ప కూడా చీటీలు కడ్తాండాడే అనుకుంటిని. మీరు మంచు డబ్బా ఎత్తుకోని పోయినాంక, వీళ్లు సద్ది తినను చెట్టు కిందికి పోయినాంక, నేనొగ సుట్టు తిరిగి అన్నిటికీ పెట్టి, సంచి తొడిగేసి వస్తాంటి. దారం కడితే నీకు తెలిసిపోతాదని దారం గూడ కట్టల్యా."

"ఈ పిల్లనొకసారి అడగచ్చు కదా?"

"అడిగితే అది సిగ్గుతో చస్తాది. అడక్కుండా చేసేదే మేలు."

చిన్న కోడలు ఏడుపు ఆపి ఆమె వైపు చూస్తోంది. తన కోసం ఒకరు నెల పాటు రోజూ ఎండలో ఇంకో చుట్టు తిరిగారని ఆ పిల్లకు అప్పుడే తెలిసింది. ముట్టుకోవద్దని నేను చెప్పిన సంగతి ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు మరి. నేనేమో శెట్టిగారి అంగడిలో దుమ్ము దులిపి తెచ్చిన చీటీల కట్టను చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాను. ఎవరి మీద అరవాలి? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ముందు ఆ పిల్లకు చెప్పాల్సిన మాట చెప్పాను.

"తప్పు నాదేనమ్మా. నిన్ను అనకూడదు."

ఆ పిల్ల కళ్లు తుడుచుకుని కింద పడిన పూలు ఏరుకోవడం మొదలుపెట్టింది. నేనూ వంగి ఏరాను.

నాతో వచ్చిన పరిశోధన అమ్మాయి మాత్రం అప్పటికే గట్టు మీద కూర్చుని అందరినీ చుట్టూ పిలిచింది. ఒక పువ్వును బ్లేడుతో నిలువుగా కోసి, లోపలి అండాశయం చూపించి, తన పని ఏమిటో చెప్పింది. నాకు మొదటి రోజు చెప్పినట్టే. పుప్పొడి పైన తగిలాక కబురు కిందికి ఎప్పుడు పోతుందో చూస్తున్నానంది. అది తెలియాలంటే తగలని పూలు కూడా కావాలంది. గుంపు పెద్ద గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది.

"అట్ల చెప్పండి మల్ల. నీళ్లు పారని సాలు పక్కనుంటేనే కదా పారిన సాలు ఎంత తాగిందో తెలిసేది."

"అంతే పెద్దమ్మా. అంతే."

"తగలందాన్ని నేను చేత్తో ఒత్తి చెప్తా. రెండో దినానికే మెత్తగైతాది. మూడో దినం తొడిమ కాడ పసుపు తిరుగుతాది. తగిలింది వేలికి గట్టిగా ఎదురు తంతాది. ఇన్నేండ్లు చూస్తాండాం, లోపల ఏముండాదో ఎవురు చెప్పినారు మాకు?" అని నా వైపు తిరిగింది. "ఏమప్పా, నోరు తెరిచి ఒగ మాట చెప్పింటే నీ సొమ్మేం పోతాండె?"

పెద్దసారుకు విషయం చెప్పడానికి వెళ్లాను. కాయ ఆయన బల్ల మీద పెట్టి, చీటీల సంగతి, నా బద్ధకం సంగతి దాచకుండా చెప్పాను. ఆయన కాయను చేతిలోకి తీసుకుని చూశారు. "పువ్వులు రెండుసార్లు నిజం చెప్పాయి, మనమే వినలేదన్నమాట" అన్నారు. నన్ను తిట్టలేదు. ఆఖరి విడతకు ఒప్పుకున్నారు. అదే ఆఖరు అని మాత్రం మళ్లీ చెప్పారు.

ఇక ఆ పూల బాధ్యత గుంపు పెద్ద తీసుకుంది. పసుపు చీటీలను తన కళ్లెదుటే నా చేత పొయ్యిలో వేయించింది.

"నల్లదారం కట్టండి. దిష్టికి కట్టినారనుకుంటారు. నల్లదారం కట్టిందాని జోలికి మా వాళ్లెవురూ పోరు" అంది.

వదిలేయాల్సిన పూలన్నిటికీ నల్లదారాలు కట్టాం. గుంపు పెద్ద చిన్న కోడలినే వాటికి కాపలా పెట్టింది. "ఈగ వాలినా నన్ను పిలువు" అని. మేము ఒక్కో రోజు పూలు కోసి మంచులో పెట్టి తెచ్చి ఫ్రిజ్‌లో దాచాం. నాలుగు రోజుల నమూనాలు చేరేసరికి పూత దాదాపు అయిపోయింది. ముందు జాగ్రత్తకు, రీడింగుకు ముందురోజు సాయంత్రం, చేలో మిగిలిన ఆఖరి మొగ్గల్లో పదకొండింటిని ఒలిచి, నల్లదారం కట్టి, సంచులు తొడిగి ఉంచాం. రేపు లెక్క మళ్లీ కుదరకపోతే ఆ పదకొండే దిక్కు. కుదిరితే అవి మాకు అవసరం లేదు, పుప్పొడి పెట్టి కాయలు కానీయొచ్చు.

ఆ పొద్దున నేను ఆరు గంటలకే ల్యాబు తెరిచాను. గొట్టాలు అప్పటికే రెండుసార్లు కడిగి ఉన్నా మళ్లీ కడిగాను. ఆ అమ్మాయి నూరింది, నేను వడగట్టాను. కరెంటు పోతుందేమోనని ఇద్దరం పైకి చూస్తూనే ఉన్నాం. పోలేదు. తొమ్మిదిన్నరకు మందు కలపడం మొదలుపెట్టాను. మణికట్టు బల్లకు ఆనించి పట్టుకున్నాను. పెద్దసారు వచ్చి మా వెనక నిలబడ్డారు.

గొట్టాలు రెండు వరుసలుగా ఉన్నాయి. ముందు వరుస పుప్పొడి పెట్టినవి, వెనక వరుస నల్లదారానివి. మొదటి రోజువి రెండు వరుసల్లోనూ ఒకేలా లేత నీలం తిరిగాయి. నా ప్రాణం తోకకొచ్చింది. రెండో రోజువి చూశాను. ముందు వరుస చిక్కబడింది. వెనక వరుస చిక్కబడలేదు. మూడో రోజుది ముందు వరుసలో సిరా పోసినట్టు నీలం, వెనక వరుసలో మొదటి రోజు కంటే కూడా పలచన. నాలుగో రోజుకు వెనక గొట్టం దాదాపు గోధుమరంగులోనే ఉండిపోయింది.

యంత్రంలో పెట్టి చూడాల్సిన అవసరం కూడా లేదు, అయినా పెట్టాం. ఆ అమ్మాయి అంకెలు సగం దాకా పైకి చదివి పక్కకు జరిగింది. మిగతావి నేను చదివాను. పెద్దసారు రాసుకున్నారు. రాయడం అయ్యాక కళ్లజోడు తీసి నా వైపు చూశారు.

"గొట్టాలు బాగా కడిగావు" అన్నారు.

ముప్పై ఏళ్లలో ఆ వాక్యం చివర ప్రశ్న లేకుండా వినడం అదే మొదటిసారి. నేను బల్ల పట్టుకుని స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆ అమ్మాయి రెండు చేతుల్తో ముఖం కప్పుకుని ఏడుస్తోంది, నవ్వుతోంది. వాళ్ల నాయనకు ఫోన్ చెయ్యమన్నాను. చేస్తానని ఫోన్ తీసింది. తీసి గడియారం చూసింది.

"సార్! పెద్దమ్మ వాళ్లు చేన్లో కాచుకోనుండారు!"

నేను మరిచేపోయాను. పుప్పొడికి ప్రాణం ఎండ ఎక్కేదాకే. పదకొండు దాటితే ఆ రోజు మగపూలు పనికిరావు. ఆమె ముందు పరుగెత్తింది. నా మోకాళ్లతో నేను వెనక.

చేలో అందరూ పని ముగించి చెట్టు కిందికి పోయారు. గుంపు పెద్ద, చిన్న కోడలు మాత్రం ఆ వరుసలోనే కూర్చుని ఉన్నారు. గుంపు పెద్ద ఒడిలో తడిగుడ్డ, గుడ్డలో మగపూలు. వాడిపోకుండా కప్పిపెట్టుకుని ఉంది. ఆ అమ్మాయి రొప్పుతూ ఏం చెప్పిందో ఏమో, సగం మాటలు నాకే వినబడలేదు. గుంపు పెద్ద మాత్రం ముఖం చూసి తెలుసుకుంది. నుదుటి మీద చెమట తుడుచుకుంది. లేచి నిలబడి, ఆ పదకొండు సంచుల వైపు చెయ్యి చూపించింది.

"అయితే ఇంగ వీటికి పెట్టొచ్చునా?"

"పెట్టు పెద్దమ్మా" అంది ఆ అమ్మాయి.

ఆమె నల్లదారం తెంపి, సంచి తీసి, మొదటి పువ్వు కొన మీద పుప్పొడి అద్దింది. రెండోది చిన్న కోడలి చేత పెట్టించింది. మూడోది ఆ అమ్మాయి పెట్టింది. నాలుగో పువ్వు దగ్గర గుంపు పెద్ద ఆగి, తడిగుడ్డలోంచి ఒక మగపువ్వు తీసి నా చేతిలో పెట్టింది.

"పట్టుకో అప్పా. విరచాకు."

విరవలేదు. పదకొండూ కాయలయ్యాయి.

ఆ అమ్మాయికి ఆ ఏడాదే పట్టా వచ్చింది. ఇప్పుడు ఆమె దగ్గర పరిశోధన చేసే పిల్లలున్నారు. పొలంలో మొదటి రోజు గట్టు మీద అందరినీ కూర్చోబెట్టి పని ఎందుకో చెప్పిన తర్వాతే దారం ముట్టుకోనిస్తుందట. ఆ గుంపు పెద్ద పోయిన ఏడాది పని మానేసింది. ఇప్పుడు గుంపుకు పెద్ద ఆ చిన్న కోడలే. సద్దికి అందరూ పోయాక, కొత్తవాళ్ల సాళ్లలో మరిచిన పూలకు పెడుతూ ఒక చుట్టు తిరిగి వస్తుందట. కాకపోతే తిరిగేముందు, పెట్టొచ్చునా అని అడుగుతుందట.